సోనీ తలమీది నీళ్లు

ఛత్రినాకలో ఉంటున్న సుశీలమ్మ అనే నేను, కీర్తిశేషులు ఎల్లేష్ భార్యను, వయసు అరవై ఎనిమిది, ప్రసూతి వార్డులో ఆయాగా చేసి రిటైరైనదాన్ని, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. బీపీ ఉంది, షుగర్ ఉంది. మతి మాత్రం నిక్షేపంగా ఉంది. ఎవరి బలవంతమూ లేదు.

1. నాకు సంతానం ఇద్దరు. వకీలు చిత్తులో ఒక్కరే అని రాసుకొస్తే కొట్టేయించాను. మొదటివాడు బాబు, ఒక్క పూట బతికాడు. రెండోది కీర్తిప్రియ.

2. ఇంతకుముందు రాసిన వీలునామాను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. మనవరాలు సోనీకి జ్ఞానస్నానం ఇప్పిస్తేనే ఇల్లు కీర్తిప్రియకు, లేదంటే మా కేథలిక్ గుడికి అని అందులో షరతు పెట్టాను. అల్లుడు విశ్వేశ్వర్‌ది మునిగే బాప్తిస్మం సంఘం. ఊహ తెలిశాక బిడ్డే అడగాలంటాడు. ఆ షరతు తెలిసిన రోజు నుంచి ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

రద్దుకు కారణం రాయక్కర్లేదని వకీలు అన్నాడు. నాకు రాయాలని ఉంది.

జన్మపాపం కడగందే బిడ్డ దేవుణ్ణి చూడదని చిన్నప్పుడు సిస్టర్లు నేర్పారు. అందుకే వార్డులో మన క్రైస్తవుల బిడ్డ ఎవరైనా దక్కేట్టు లేకపోతే, తల్లి అడిగితే, పితా పుత్ర పవిత్రాత్మ నామమున అంటూ నేనే నీళ్లు పోసేదాన్ని. నా బాబు పోయేటప్పుడు నేను ఆపరేషన్ మత్తులో ఉన్నాను. వాణ్ణి ఒళ్లో పెట్టుకున్నది మా ఆయన. ఆయనదీ మునిగే సంఘమే. నీళ్లు పోయలేదు. "పసిపోరడు ఏం తప్పు జేసిండని కడగాలె?" అన్నాడు. ఆ కోపం ఆయన పోయేదాకా నాలో ఉంది. అలాంటి పిల్లల్ని దేవుని దయకు అప్పగించాలని ఇప్పటి ఫాదర్ అంటున్నారు. ఆ ముక్క అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే మా కాపురంలో సగం లొల్లి తప్పేది.

అయినా ఆదివారాలు కలిసే బయల్దేరేవాళ్లం. లాల్ దర్వాజ మలుపులో ఎవరి గుడికి వాళ్లం విడిపోయేవాళ్లం. తిరుగు దారిలో ముందొచ్చినవాళ్లు అక్కడే ఆగాలి. ఎప్పుడూ ఆయనే ముందు, చేతిలో ఉస్మానియా బిస్కెట్ల పొట్లంతో. ఎంత కోపంలోనూ ఆ పొట్లం కాదనలేదు. ఆ మలుపు దాటినప్పుడల్లా ఇప్పటికీ ఆయన కోసం చూస్తాను.

సోనీని కాళ్లమీద పడుకోబెట్టుకుని స్నానం చేయించేది నేనే. తలమీద నీళ్లు పోస్తుంటే కీర్తిప్రియ తలుపు దగ్గర నిలబడి నా పెదాలే చూస్తుంది, ఆ మాటలు ఎక్కడ అనేస్తానోనని. మొన్న పాలు పొంగితే వంటింట్లోకి పరిగెత్తింది. చేతిలో నీళ్లున్నాయి, నోట్లో మాటలున్నాయి. సోనీ నన్ను చూసి నవ్వింది. జ్ఞానస్నానం లేదని దీని గురించి భయపడితే బాబు గురించీ భయపడాలి కదా అనిపించింది. కానీ మా కోసం దేవుణ్ణి అడగరా అని రోజూ ప్రార్థనలో నేను చెప్పుకునేది వాడికే. వాడు దేవుని దగ్గర లేడని ఒక్కరోజూ నమ్మలేదు. నమ్మి ఉంటే ఇన్నేళ్లు బతికేదాన్ని కాదు. ఉత్త నీళ్లే పోశాను.

3. నా పేర ఉన్న రెండు గదుల ఇల్లు ఏ షరతూ లేకుండా కీర్తిప్రియకు.

4. నీళ్లు కాచే ఇత్తడి గుండిగ కూడా దానికే. ఇక తలుపు దగ్గర కాపలా అక్కర్లేదు బిడ్డా.

5. మా ఆయన బైబిలు విశ్వేశ్వర్‌కు. వాదించడానికి కాదు, చదవడానికి. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా అతనిదే. మొండివాడు, మాట తప్పడు.

6. పక్కింటి రహీమాకు ఏమీ రాయలేదు. సాక్షికి రాస్తే చెల్లదట. అందుకే కుట్టుమిషన్ నిన్ననే వాళ్లింటికి చేర్చాను.

7. ఆ మిషన్ మీదే బాబు జ్ఞానస్నానానికి తెల్లగౌను కుట్టాను. బట్టల ట్రంకు అడుగున ఉంది. అది ఎవరికీ కాదు. నన్ను పెట్టెలో పెట్టేటప్పుడు నా చేతికివ్వండి. వాడికి సరిపోతుందో లేదో నేనే చూసుకుంటాను.

తేదీ: 2 నవంబరు 2025, సమాధుల పండుగ
సంతకం: సుశీలమ్మ

నా ఎదుట చదివి, నేను సంతకం చేస్తుండగా చూసిన సాక్షులు:
1. రహీమా, పక్కిల్లు
2. మొగులయ్య, ఎదురిల్లు