నా ఆటస్థలమూ, నా అరుపులూ ఎవురికి చెందాల

అనంతపురం జిల్లా హిందూపురం టౌనులో చింతపండు అంగడి పెట్టుకోని బతుకుతాండే ఓబన్న కొడుకు సుంకప్ప అనే నేను, వయసు అరవై ఒకటి, నా తర్వాత నావాళ్ళు కొట్టుకోకుండా ఉండాలని రాసి పెడుతున్న ఏర్పాటు యేమనగా:

నాకు మతి బాగానే ఉండాది. గుండె ఒక్కటే సరిగ్గా లేదు. మూడు నరాలు మూసుకున్యాయంట, వచ్చే బుధవారం బెంగళూరులో కోస్తారు. ఎవురూ నన్ను బెదిరించి రాయించలేదు. నన్ను బెదిరించే గొంతు ఈ తాలూకాలో ఇంకా పుట్టలేదు. అంగట్లో కంప్యూటరు ముందర కూర్చోని నేనే టకటకా కొడతాండా. గిరాకీ వస్తే మధ్యలో లేచిపోతాండా. ఒక మాట రెండుసార్లు పడింటే ఒకసారే చదువుకోండి.

దీన్ని అమలు చేసేది వకీలు సాయిప్రసాద్. మా పెన్నా ఫుట్‌బాల్ జట్టులో ఎడమ పక్క ఆడినోడు. ఎనిమిదేండ్లు నా కోచింగు కింద తిట్లు తిన్యాడు కాబట్టి నేను పోయినాక గూడా నా మాటకి భయపడతాడని నమ్మకం.

1. నా భార్య రమాదేవికి మేముండే ఇల్లు, ఇంట్లోని సమస్త వస్తువులు, దాన విక్రయాది సర్వహక్కులతో. ముప్పై నాలుగేండ్ల కాపురంలో ఆమె మీద నేను ఒక్కసారి గూడా గొంతెత్తలేదు. అది నా మంచితనం అని ఊరు అనుకుంటాది. ధైర్యం చాలక అని ఆమెకి తెలుసు.

2. నా కొడుకు మధుకి అంగడి, గోడౌను, తక్కెళ్ళు, అంగడికి ఉన్న మంచి పేరు. కొత్త చింతపండులో పాతది కలపొద్దు. గిరాకీ నోరు జారినా "రాప్పా, కూర్చో, మంచినీళ్ళు తాగు" అనాల. ఇంకొక సంగతి నాయనా. పెనుకొండ రోడ్డు పక్కనుండే నా ఎకరా డెబ్బై సెంట్ల ఆటస్థలం మీద నీకు కన్నుండాదని నాకు తెలుసు. పోయిన నెల నాకు తెలీకుండా ఎవున్నో తెచ్చి టేపు పట్టించినావు. వాడు గోలు పోస్టుని చూసి, దీనికి రంగేస్తే ప్లాట్లకి గేటుగా పనికొస్తాది అన్యాడంట. ఆ స్థలం నీకు రాదు. ఎవురికి వస్తాదో కింద రాస్తాండా, ఓపిగ్గా చదువు.

3. నా బావమరిది గోవిందరాజులుకి నా దూరపుచూపు అద్దాలు. 1993లో పెనుకొండ టోర్నమెంటులో ఈయనే రెఫరీ. మేం కొట్టిన గోలుకి ఆఫ్‌సైడ్ అని విజిలేసినాడు. మా నాగేంద్ర ముందర ఎదుటి జట్టోళ్ళు ఇద్దరు నిలబడి ఉన్యారు, మైదానం బయట శనక్కాయలు అమ్మే అవ్వకి గూడా కనపడినారు. సొంత బావ జట్టుకి న్యాయం చేస్తే జనం ఏమనుకుంటారో అని అన్యాయం చేసినాడంట. అద్దాలు పెట్టుకోని ఇప్పుడన్నా చూసుకో బావా.

4. మా సెంటర్ ఫార్వర్డ్ నాగేంద్రకి నా రాతపలక. దీనికో కథ ఉండాది. 1999లో నా గొంతులో కాయలు లేసినాయి. రెండు నెలలు నోరు తెరిస్తే గొంతు శాశ్వతంగా పోతాదని డాక్టరు చెప్పినాడు. పలక మీద రాసి కోచింగు ఇచ్చినా. పలక మీద తిట్టేది చానా కష్టం. పెద్ద తిట్టయితే సగంలోనే పలక అయిపోతాది, అంతలోపల బంతి ఇంకో పక్కకి పోయింటాది. ఆ రెండు నెలల్లో ఐదు ఆటలాడినాం, మూడు గెలిచినాం, రెండు పోగొట్టినాం. దానికి ముందు రెండు నెలల్లో నేను గొంతు చించుకోని అరిచినప్పుడు గూడా ఐదుకి మూడే. ఈ సంగతి నేను ఇంతవరకు ఎవురికీ చెప్పలేదు, ఈడ రాస్తాండా.

అందరూ కొంచెం తేటగా కనిపించినారు గాని, నాగేంద్ర మాత్రం దిగులుపడినాడు. ఒకనాడు ప్రాక్టీసు అయినాక ఇంటికొచ్చి, సార్, నా మీద కోపమొచ్చిందా, రెండు వారాలాయె ఒక్క తిట్టూ లేదు, కాళ్ళాడతాలేవు అన్యాడు. పలక తీసి వానికి మాత్రం "దున్నపోతా" అని రాసిచ్చినా. మర్సటి ఆటలో రెండు గోల్స్ కొట్టినాడు. కాబట్టి తిట్టు పనికే రాదని నేను రాయను. నాగేంద్రకి పనికొచ్చింది. ఒక్క నాగేంద్రని చూసి జట్టంతా నాగేంద్రలే అనుకుంటి, అదే నేను చేసిన తప్పు.

5. ఇంక ఆటస్థలం సంగతి. ఇది ఊరికే రాస్తే అర్థం కాదు, ధర్మవరం ఫైనలు గురించి చెప్పాల.

పిసికితేనే చింతపండు రసమిస్తాది, ఊరికే చూస్తాంటే ఇస్తాదా అనేది నా సిద్ధాంతం. 1996లో ధర్మవరంలో ఫైనలు. సగం ఆటకి రెండు సున్నాతో వెనకబడినాం. విరామంలో పిల్లోళ్ళని వరసగా కూర్చోబెట్టి పది నిమిషాలు ఊపిరి తీసుకోకుండా అరిచినా. తెలుగు అయిపోతే కన్నడం ఎత్తుకున్యా. అందరూ బుద్ధిగా తలలూపినారు. రెండో సగంలో మూడు గోల్స్ కొట్టి కప్పు తెచ్చినారు. నా అరుపులే గెలిపించినాయని ఈ అంగట్లో ఎనిమిదేండ్లు చెప్పినా. చింతపండు కొనేకొచ్చినోడు ఆ కథ వినకుండా పోయింది లేదు.

ఆ పది నిమిషాల్లో అందరికంటే ఎక్కువ తిన్యది మా గోల్‌కీపర్ ఏసుదాసు. పందొమ్మిదేండ్ల పిల్లోడు. వాళ్ళమ్మ మారెమ్మ మా అంగట్లోనే పద్నాలుగేండ్లు చింతపండు గింజలు తీసింది. నేను ఏసుదాసుతో ఏమన్యానో ఈడ రాయాల, రాయకపోతే ఈ కాగితానికి అర్థం లేదు. "మీ అమ్మ ఒక గింజ వదలదు, నువ్వు రెండు గోల్స్ వదిల్తివి. రేపట్నుంచి నువ్వు గింజలు తియ్యిపో, మీ అమ్మని గోల్లో నిలబెడతా" అన్యా. రెండో సగంలో వాడు పెనాల్టీతో కలిపి నాలుగు బంతులు ఆపినాడు. చూసినారా, మందు పనిచేసింది అని నేను ఎగిరినా. హిందూపురంలో బస్సు దిగేటప్పుడు వాని గ్లౌజులు నా సీట్లో పెట్టి పోయినాడు. మళ్ళీ బంతి ముట్టుకోలేదు. మర్సటి దినం నుంచి మారెమ్మ గూడా పనికి రాలేదు. రెండ్రోజులు అలిగి వాళ్ళే వస్తారులే అనుకుంటి. కబురు గూడా పంపలేదు. అరగంట బాగా ఆడించి, జన్మంతా ఆట మాన్పించినా.

2004లో నాగేంద్ర పెండ్లి ధర్మవరంలో. వాళ్ళ మేనత్త కుళ్ళాయమ్మ పట్టుచీరల మగ్గం నేస్తాది. ఫైనలు ముందు జట్టుకి అన్నం పెట్టింది ఆ యమ్మే. పెండ్లిలో నాకు పాయసం వడ్డిస్తా, ఏమప్పా సుంకప్పా, ఇంకా అట్లే అరుస్తాండావా, ఆ పొద్దు మా పట్టు యెంత దండగ చేయించినావో అనింది. నాకు అర్థం కాలేదు. అడిగితే చెప్పింది. ఫైనలు దినం పొద్దున ఆమె ఇంటి ముందర నేను జట్టుని తిడతాంటే మగ్గం గుంతలో పండుకున్న పిల్లి పారిపోయి రెండు దినాలు రాలేదంట. పిల్లోళ్ళ మొహాలు చూసి జాలేసి, మగ్గం కింద రాలిన పట్టు పోగులు ఏరి ఉండలు చుట్టి, విరామంలో చెవుల్లో పెట్టుకోండి అని ఒక్కొక్కనికి రెండు ఇచ్చిందంట. అంటే నా పది నిమిషాల ఉపన్యాసం ఎవురూ వినలేదు. నేను తలూపినప్పుడల్లా వాళ్ళూ తలూపినారు, అంతే.

సాయిప్రసాద్ పక్క ఆకు కాడనే కూర్చోనుండాడు. నిజమేనా రా అంటే, నిజమే సార్, మీరు అరుస్తాంటే మాకు పది నిమిషాలు బాగా విశ్రాంతి దొరికింది అన్యాడు.

అప్పుడు కుళ్ళాయమ్మ ఇంకో మాట అనింది. "ఆ గోల్లో నిలబడే పిల్లోడు ఒక్కడే తీసుకోలేదప్పా. సారు చెప్పేది వినకుంటే యెట్లా అక్కా అని ఉండలు వాపసు ఇచ్చినాడు."

పాయసం ఆకులోనే వదిలేసి లేచినా. పదకొండు మందిలో నా మీద గౌరవంతో చెవులు తెరిచి పెట్టుకున్యోడు ఒక్కడు. నా మాట తగిలిందీ ఆ ఒక్కనికే. తగలనోళ్ళు కప్పు ఎత్తినారు, తగిలినోడు ఇంటికి పోయినాడు.

ఏసుదాసు ఇప్పుడు హిందూపురం నుంచి పెనుకొండ మీద ధర్మవరం పోయే బస్సులో కండక్టరు. క్షమాపణ అడగాలని ఈ మూడేండ్లలో ఆ బండి పదహారుసార్లు ఎక్కినా. యాడికి అంటాడు. పెనుకొండ అంటా. టికెట్టు చించి చేతిలో పెట్టి ముందుకి పోతాడు. పెనుకొండలో నాకు పనే లేదు. దిగి, టీ తాగి, వెనక్కొచ్చే బండి ఎక్కేది. ఊరినిండా వినపడే గొంతు వాని ముందర ఆ ఒక్క ఊరి పేరు తప్ప ఇంకేం పలకలే. పెనుకొండలో ఎవురుండారు నీకు అని రమాదేవి నిలదీసినప్పుడు ఆమెకి ఈ కథంతా చెప్పుకోవాల్సి వచ్చింది.

6. ఈ షరతు కొట్టివేయడమైనది. ఈడ నేను మొదట ఏం కొట్టింటినంటే: ఆటస్థలం ఏసుదాసుకి ఇస్తాండా, నేను పోయిన ముప్పై దినాల్లోపల వచ్చి జట్టుకి కోచ్‌గా చేరాల, చేరకపోతే స్థలం మధుకి పోయి ప్లాట్లయితాది, పిల్లోళ్ళు వీధినపడితే ఆ పాపం ఏసుదాసుదే. మజ్జిగ తెచ్చిన రమాదేవి నా వెనక నిలబడి చదివింది. చదివి, "చచ్చినాక గూడా వాని మీద అరిచేకి కాగితం రాసి పెట్టుకుంటాండావు" అనింది. గిరాకీ వచ్చి నీ చింతపండు పుచ్చు అన్నా నవ్వి మంచినీళ్ళిచ్చే నోరుండాది గదా, దాన్ని వాళ్ళింటికి తీసుకుపో అని మజ్జిగ లోటా నా చేతిలో నుంచి వెనక్కి తీసుకునింది.

7. నిన్న ఆదివారం, వాళ్ళ చర్చి అయినాక ఏసుదాసు ఇంటికి పోయినా. మారెమ్మ వాకిట్లో మంచం మీద కూర్చోనుండాది. ఏసుదాసు తలుపు కాడ నిలబడినాడు. నేను చేతులు జోడించి, ధర్మవరంలో ఆ పొద్దు నేనన్న మాట తప్పు మారెమ్మా, మన్నించు అన్యా. "ఏ మాట?" అనింది ఆమె.

వాడు చెప్పలేదంట. పదకొండేండ్లు వాళ్ళమ్మకి గూడా చెప్పలేదంట. ఆ అంగటికి ఇంక పోవద్దమ్మా అని మాత్రం అన్యాడంట. కొడుకు మొహం చూసి ఆమె అడగలేదంట. ఇంక ఆ మాటేందో ఆమెకి నేనే నా నోటితో చెప్పాల్సి వచ్చింది. గుండె డాక్టరు మెట్లెక్కొద్దన్యాడు గాని, ఇట్లాంటిది చెయ్యొద్దని చెప్పలేదు. చెప్పినా. గింజల సంగతీ, గోలు సంగతీ, అక్షరం వదలకుండా.

ఆమె కొంగుతో మొహం తుడుచుకునింది. తర్వాత కొడుకు వైపు చూసి, "నన్ను గోల్లో నిలబెట్టింటే ఆ రెండు పోకుండా ఉండునేమో లేప్పా, ఎవురు చూసినారు" అనింది. ఏసుదాసు నవ్వు ఆపుకోలేక తలుపు అవతలికి పోయినాడు. వాడు వచ్చేలోపల ఆమె నాకు మంచం చూపించి, కూర్చో అనింది.

స్థలం ఏసుదాసుకే రాస్తానని చెప్పినా, ఏ షరతూ లేదు, శనక్కాయలు వేసుకున్నా నీ ఇష్టం అన్యా. ఏసుదాసు ఒప్పుకోలేదు. "నాకొద్దు సార్. ఆడే పిల్లోళ్ళకి రాయండి. డ్యూటీ లేని దినాలు నేనొచ్చి నేర్పిస్తా. మీరు మాత్రం లైను అవతల కూర్చోవాల, నోరు తెరవగూడదు" అన్యాడు. రెఫరీ మాదిరి వేలు చూపించి మరీ చెప్పినాడు. సరే అన్యా.

8. కాబట్టి పైన చెప్పిన ఎకరా డెబ్బై సెంట్ల భూమి, గోలు పోస్టులతో సహా, పెన్నా ఫుట్‌బాల్ సంఘానికి చెందవలెను. అమ్మేకి గాని, తాకట్టు పెట్టేకి గాని ఎవురికీ హక్కు లేదు. టేపు పట్టి కొలిచేకి గూడా మధుకి హక్కు లేదు. కోచ్ ఏసుదాసు. ఆయనకి గాని మారెమ్మకి గాని ఈ కాగితంలో ఒక పైసా విలువైనది ఏమీ రాయలేదు. ఇస్తానన్యా, తీసుకోలేదు. ఏమీ తీసుకోనోళ్ళు సాక్షులైతే రేపు ఎవురూ వేలెత్తి చూపలేరని సాయిప్రసాద్ అన్యాడు. రమ్మని అడిగితే ఇద్దరూ అంగటికి వచ్చినారు. మారెమ్మ పదకొండేండ్ల తర్వాత ఈ మెట్టు ఎక్కింది.

9. ఆఖరి షరతు నా మీద నేనే పెట్టుకుంటాండా. నేను బెంగళూరు నుంచి బతికొస్తే, ఆట జరిగేటప్పుడల్లా లైను అవతల కుర్చీలో కూర్చోవలెను, నోరు తెరవగూడదు. నాగేంద్ర వచ్చి బతిమలాడినా సరే. వీలునామా మనిషి పోయినాకే చెల్లుతాది సార్, బతికుంటే చెల్లే షరతు ఇందులో ఎందుకు అని సాయిప్రసాద్ అడ్డం పడినాడు. రాయనీ అని ఏసుదాసు అన్యాడు, రాసినా. బుధవారం నేను పోతే ఈ షరతు దానంతట అదే నెరవేరిపోతాది. బతికొస్తేనే కష్టం.

ఇది నేను స్వయంగా కొట్టి, చదువుకోని, ఈ కింది సాక్షుల ఎదుట సంతకం చేసినాను.

హిందూపురం, 2007 ఆగస్టు 20, సోమవారం

(సంతకం) ఓ. సుంకప్ప

సాక్షులు:
1. ఏసుదాసు, బస్సు కండక్టరు, పెన్నా జట్టు కోచ్ (సంతకం)
2. మారెమ్మ, ఏసుదాసు తల్లి (ఎడమచేతి బొటనవేలి ముద్ర)