కల్నల్ గారి మర్యాద

బమాకో, గురువారం

అన్నయ్యా,

మొన్న ఐరోపా వాళ్లకీ మన సైనిక ప్రభుత్వానికీ జరిగిన చర్చల్లో కల్నల్ సంగారె నన్ను చూడగానే, "ఏరా చిక్కుడుగింజల తిండిపోతూ, ఈ తెల్లదొరలకి నువ్వా దుబాసీవి?" అన్నాడు. "నా బానిసవి, నోర్మూసుకుని కూర్చో!" అన్నాను. రెండు వంశాలకీ తాతలనాటి వేళాకోళం కదా, ఇద్దరం పగలబడి నవ్వాం. ఆ వేళాకోళం సాగినంతకాలం ఒకరి మీద ఒకరు చెయ్యెత్తకూడదు.

ఐరోపా రాయబారికి ఎంత చెప్పినా ఎక్కలేదు. తన ఉద్యోగిని అవమానించారని ఫిర్యాదు చేశాడు.

ఇవాళ ఎన్నికల తేదీ అడిగితే కల్నల్ బల్ల గుద్దాడు. నేను "ఒరే బానిసా" అని నవ్వించబోయాను. అతను నవ్వలేదు. "దయచేసి కూర్చోండి, దుబాసీ గారూ" అన్నాడు.

రాయబారి నా భుజం తట్టి, "చూశావా, మారాడు" అన్నాడు.

పొద్దున్నే నీ మరదల్నీ పిల్లల్నీ మీ ఊరికి, సెగూ బస్సెక్కిస్తున్నాను. బస్టాండుకి నువ్వే రా.

నీ తమ్ముడు