చూడకుండా పెట్టిన సంతకం

బావా,

ఈ ఉత్తరం మీకు అక్కే చదివి వినిపిస్తుందని తెలిసే రాస్తున్నాను. అక్కా, మధ్యలో ఆపకు.

నా ఎలక్ట్రీషియన్ లైసెన్సు రెన్యువల్ అయింది. కార్డు చేతికొచ్చినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

టెస్టర్ పట్టుకోవడం నాకు నేర్పింది మీరు. చదువు రాక మీరు రాయలేని పరీక్ష నేను పాసయ్యాను. అప్పటి నుంచి వైరింగు మీది, మీటరు పెట్టి చూసి సంతకం చేయడం నాది.

మనం వైరింగు చేసిన లాండ్రీలో షాక్ కొట్టినావిడ బతికింది గానీ, ఆవిడ వేళ్లు ఇంకా ముడుచుకోవడం లేదు. ఎర్త్ వైరు కలపకుండా సంతకం ఎలా పెట్టావని ఇన్‌స్పెక్టర్ నిలదీస్తే, "కలిపానని మా బావ చెప్పాడు సార్, నమ్మాను" అన్నాను. ఆయన నన్ను మందలించి వదిలేశాడు. మీకు మాత్రం పని ఇచ్చేవాళ్లే లేకుండా పోయారు.

మీరేమో, "జ్వరంలో ఏం చెప్పానో ఏమోరా, తప్పు నాదే అయ్యుంటుంది. నీ లైసెన్సు నిలబడింది, చాలు" అన్నారు.

మీరు సరిగ్గానే చెప్పారు బావా. "ఎర్త్ ఇంకా కలపలేదు, నేను లేచేదాకా సంతకం పెట్టకు" అని ఫోన్లో రెండుసార్లు చెప్పారు. ఓనరు తొందరపెడితే నేనే కుర్చీలోంచి లేవకుండా పెట్టేశాను.

అక్కా, రెండో కవర్లో ఉన్నది ఇన్‌స్పెక్టర్‌కు రాసిన నిజం. కార్డు కూడా అందులోనే పెట్టాను. ఆ కవరు నువ్వే పోస్టు చెయ్యి. నేను రెండుసార్లు డబ్బా దాకా వెళ్లి, వెనక్కి తెచ్చుకున్నాను.

మీ బామ్మర్ది