స్క్రూ లేని బండి

జూలై 1, ఉదయం 7
నేటి నుంచి కార్బురేటర్ ముట్టను. నిశ్చయం! ముప్పై ఎనిమిదేళ్లు స్క్రూ తిప్పి, చెవితో విని బండ్లు బాగుచేశాను. ఇప్పుడు కళ్యాణదుర్గంలో అన్నీ కార్బురేటర్ లేని ఇంజెక్షన్ బండ్లే. నేర్చుకోకపోతే షాపు మూతే. నర్సు త్రివేణి తన కొత్త బండి రిపేరుకు నాకే ఇస్తానంది. కుందుర్పి పల్లెలకు టీకాలు మోసే బండి.
నియమాలు: స్క్రూడ్రైవర్ డబ్బాలోనే. రోజుకొక వీడియో. తెలియనిది సిగ్గుపడక అడగాలి.

జూలై 2
వీడియో చూశాను. అర్థమైంది! కార్బురేటర్‌లో ఇంజన్ గాలి పీలిస్తే, ఆ ఈడ్పుకు పెట్రోలు జెట్టులోంచి వస్తుంది. ఇందులో ట్యాంకులోని పంపు ఒత్తిడితో తోస్తుంది. గాలి ఎంత, వేడి ఎంత అని సెన్సార్లు చెబుతాయి. చిన్న పెట్టె లెక్కేసి, ఇంజెక్టర్‌ను రెప్పపాటు కన్నా తక్కువసేపు తెరుస్తుంది. పొగగొట్టంలో ఇంకో సెన్సార్ వాసన చూసి తప్పు దిద్దుతుందట. చోక్ లేదు.
మా ఆవిడ రంజాన్ బీకి చెప్పాను.
"అంత తెలివిగల బండికి నువ్వేంటికి?" అంది.

జూలై 4
వీడియో లేదు. కళ్లు మంట.
ఎప్పుడూ నా దగ్గరికే వచ్చే బసప్ప తన పాత మోపెడ్ తెచ్చాడు. ముట్టనన్నాను.
"ఏమప్పా గఫూరూ, మడి కట్టుకున్నావా?"
కార్బురేటర్ స్క్రూ అర చుట్టు విప్పమని నోటితో చెప్పాను. అతనే విప్పాడు. నేను ముట్టలేదు!

జూలై 7
ముట్టాను. జెట్టు నోటితో ఊదాను. బసప్ప ధోవతికి గ్రీజు అంటుతోందని జాలి. ఒక్కసారే.

జూలై 9, ఉదయం 10
త్రివేణి వచ్చింది. "జర్కులు కొడతాండాది మామా." పెట్రోలు అడుగంటింది. మిగిలిన చుక్కలు పైపులోకి జారాలని ఇక్కడ అందరం చేసేదే చేశాను. ఇంజన్ ఆడుతుండగానే బండిని నేలకు ఆనేంతగా పక్కకు వాల్చాను. ఆగిపోయింది!
11: బటన్ నలభై సార్లు నొక్కాను. ఇంకో పక్కకూ వాల్చాను.
12: స్క్రూడ్రైవర్ తీశాను. తిప్పడానికి స్క్రూ ఏదీ?
"ఏం చేసినావు మామా?"
"ఏం చేయలా."
"టీకాల పెట్టెలో ఐసు కరుగుతాండాది!"
పెట్టె ఎత్తుకుని ఆటో ఎక్కింది.

జూలై 10
షోరూంలో అడుగుదామని వెళ్లాను. అద్దాల తలుపు. లోపల చల్లగా ఉంటుంది. నాకు పడదు. వెనక్కి వచ్చాను.
బసప్ప మోపెడ్ కార్బురేటర్ విప్పి కడిగాను. అది చెడిపోలేదు.

జూలై 11
త్రివేణి వచ్చింది. నోరు తెరిచాను. "నాకు తెలీదమ్మా. పక్కకు వాల్చినా."
బండి తాళంచెవి తీసింది. మళ్లీ పెట్టింది. బటన్ నొక్కింది. స్టార్ట్! బాగా వాలితే పడిపోయాననుకుని బండే పెట్రోలు ఆపేస్తుందట; తాళంచెవి తీసి పెడితే మళ్లీ వదులుతుందట.
"మొన్ననే చెప్పకూడదా మామా? ఐసు నీళ్లయిపాయ. సోమారం లోపల ఆ జర్కులేందో కనుక్కో. లేకుంటే షోరూంకే ఇస్తా."

జూలై 12, ఉదయం 9
మళ్లీ మొదలు! నియమం ఒకటే: అడగాలి.
షోరూం తలుపు తోశాను. కౌంటర్ దగ్గర ఒక అమ్మాయి. "ఏం కావాల తాతా?"
"నీళ్లు" అన్నాను.
రెండు గ్లాసులు తాగి వచ్చాను.
లోపలికైతే వెళ్లాను కదా! రేపటి నుంచి అడగడం.