పాత చీరలకు కొత్త లైట్లు

చూలై, చెన్నై
2024 ఆగస్టు 2, ఆడి శుక్రవారం

అచ్చూ, నా బంగారు తల్లీ,

హైమ ఆంటీ ఆశీస్సులు. నెల్లూరులో మీ అమ్మకీ నాన్నకీ నా నమస్కారాలు చెప్పు. ఇక్కడ మేమిద్దరం ఉన్నాం. మీ అంకుల్ మోకాలు ఆయన మాట వినదు, ఆయన నా మాట వినరు. అది తప్ప కొత్త జబ్బులేమీ లేవు. నీ ఫోను ఎప్పుడు చేసినా ఆపేసి ఉంటోంది కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. నేను చదివింది ఐదో క్లాసు. తప్పులుంటే నువ్వే దిద్దుకో.

అసలు సంగతికొస్తాను. మా అమర్, ఆ అద్దె గోడౌన్‌లో నా పాత చీరలన్నీ బంకనీళ్లలో ముంచి, మనిషి నిలబడినట్టు ఆరబెట్టి వెళ్లాడు కదా, లోపల ఎవరూ లేకుండా. జనం వాటి మధ్య నడవాలి, చుట్టూ లైట్లు రంగులు మారాలి అని మీ ఇద్దరి ప్లాను. చీరలు వాడి పని, లైట్లు నీ పని. ఎండాకాలం జ్వరమొచ్చి వాడు పోయాడు. కర్మ అయిన రోజు నువ్వు బస్సెక్కిన దానివి మళ్లీ రాలేదు. చీరలు మాత్రం అట్లాగే నిలబడి ఉన్నాయి. ప్రదర్శన పద్దెనిమిదో తేదీ ఆదివారం. ఆ రోజుకి లైట్లు కుదరకపోతే అన్నీ పీకేసి గోడౌన్ ఖాళీ చేయమని ఓనరు చెప్పేశాడు. నా కొడుకు చేసిన ఆఖరి పని చెత్తబండి ఎక్కుతుందా అని నాకు పౌరుషం వచ్చింది. మన వీధిలో గుళ్లకీ పెళ్లిళ్లకీ సీరియల్ బల్బులు కట్టే ఆదిమూలాన్ని పిలిచాను.

మొదట లైట్లకి ఆకుపచ్చ జిలేటిన్ కాగితం కట్టాడు. ఎట్లా ఉందో చూసి చెప్పమని మీ అంకుల్‌ని చీరల మధ్య కుర్చీ వేసి కూర్చోబెట్టాను. టీ తీసుకుని వెళ్లేసరికి నాలుగు రోజులు నీళ్లలో నానిన మనిషిలా ఉన్నారు. కెవ్వుమన్నాను. ముప్పయ్యేళ్లుగా చూస్తున్న మొహమే కదా, ఇప్పుడెందుకు అరుస్తావని ఆయన గొణిగారు. టీ కూడా ఇంజనాయిల్‌లా కనబడిందని తాగలేదు.

తర్వాత ఎరుపు. స్విచ్ వేయగానే నా చిలకాకుపచ్చ చీర బొగ్గులా నల్లబడింది. అంటుకుందనే అనుకున్నాను. బకెట్ నీళ్లెత్తుకుని పరిగెత్తాను. ఆదిమూలం రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు. లైటు ఆపి చూపించాడు, చీర మళ్లీ పచ్చగానే ఉంది. అమ్మా, ఎర్ర లైటు పచ్చరంగుని మింగేస్తుంది, నీళ్లు పోసుంటే మీ చీర గంజి అయిపోయేది, నేను కరెంటు షాకుతో పైకి పోయేవాణ్ణి అని నవ్వాడు. నవ్వుతూనే బకెట్ నా చేతిలోంచి లాక్కుని బయట పెట్టి వచ్చాడు.

నీలం కూడా వేశాం. వెంటనే తీసేశాం. అమర్‌ని చేర్చిన ఆ ఆస్పత్రి వరండాలా ఉంది. ఆదిమూలం ఆ కాగితం చింపేశాడు.

పోయిన శుక్రవారం జరిగింది చెబితే నువ్వు నమ్మవు. ఆడి నెల శుక్రవారాలు ఇక్కడ అమ్మవారికి వేపాకులు కట్టి అంబలి పోస్తారు కదా. పక్క వీధి అమ్మవారి గుడికి కట్టగా బల్బులు మిగిలాయని ఆదిమూలం తెచ్చి చీరల పాదాల చుట్టూ పరిచాడు. పసుపూ ఎరుపూ ఒకదాని వెనక ఒకటి పరుగెత్తుతున్నాయి. గాలి ఆడాలని తలుపు తీసి ఉంచి, నేను బియ్యం కడగడానికి ఇంటికి వచ్చాను. తిరిగి వెళ్లేసరికి గోడౌన్ ముందు చెప్పుల గుట్ట! పూలమ్మే అంజలై వేపాకు తెచ్చి నా పసుపు చీర మెడలో వేసింది. ఎవరో నిమ్మకాయలు పెట్టారు. ఇంకెవరో అంబలి అండా మోసుకొచ్చారు. నేను కట్టుకుని గిన్నెలు తోమిన చీరకి హారతి ఇస్తున్నారు తల్లీ! మీ అంకుల్ ఏం చేస్తున్నారనుకున్నావ్? చెప్పులు తారుమారు కాకుండా చూస్తున్నారు.

ఇది దేవత కాదు, నా పాత చీర అని అరిచాను. అంజలై నడుం మీద చేతులు పెట్టుకుని, ఏం అక్కా, అమ్మవారు నీ చీర కట్టుకుంటే నీకు కడుపుమంటా అని అడిగింది. మా అమర్ చేసిన బొమ్మలే, ఆడ చూడు, లోపల ఏమీ లేదు అన్నాను. ఆ పిల్ల చీర లోపలికి తొంగి చూసి, సరే, మొక్కింది మొక్కేశాం, ఇప్పుడు వెనక్కి తీసుకోలేం, అది అమర్ తంబికే చెందనీ అంది. అందరూ అంబలి తాగి వెళ్లారు. నేనూ రెండు గ్లాసులు తాగాను. వాడు పోయాక అంత ఆకలి వేయడం అదే మొదలు.

కాబట్టి అచ్చూ, ఏ రంగూ కుదరలేదు. నా బుర్రకి అందడం లేదు. నువ్వు వస్తే గానీ ఇది తేలదు. నీకు రావడం కష్టమని నాకు తెలుసు. ఆ గోడౌన్‌లో ప్రతి మూలా మీరిద్దరూ పోట్లాడుకున్నదే. నాకూ కష్టమే. అయినా రోజూ వెళ్లి తాళం తీస్తున్నాను.

నీ దారి చూస్తూ,
హైమ ఆంటీ

తా.క. ఏ రంగూ కుదరలేదని రాసింది అబద్ధం. మొన్న మంగళవారం కుదిరింది. రంగు కాగితాలన్నీ ఊడబీకి, చీరల వెనక నేల మీద ఒక మామూలు తెల్ల లైటు పెట్టాం. ఏ చీర రంగులో ఆ చీర వెలిగింది, నీడలు గోడంతా నడిచాయి. ఆదిమూలం టోపీ తీసేసి నిలబడ్డాడు. నేను వెంటనే లైటు ఆపించి తాళం వేశాను. వాడు లేకుండా మొదటిసారి దాన్ని నేనొక్కదాన్నే కళ్లారా చూడలేను తల్లీ. నువ్వు పక్కన ఉంటే చూస్తాను. లైట్ల కోసం కాదు, నా కోసం రా. రాలేకపోతే అలగను. కానీ రాత్రిళ్లు అన్నం మానేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. వేళకి కడుపునిండా తిను.