ఎదురు చెప్పని పిల్ల

జహీరాబాద్,
19 ఫిబ్రవరి 1979.

చిరంజీవి ప్రమీలకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నాన్న, నేను బాగానే ఉన్నాం. వరంగల్‌లో నువ్వు వేళకు తింటూ కులాసాగా ఉన్నావని తలుస్తాను. నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయడానికి తీరిక దొరకలేదని నాన్నతో అంటున్నాను కాని, తీరిక లేక కాదు. అందులో నువ్వడిగిన ఒక ప్రశ్న దగ్గర నా చెయ్యి ఆగిపోయింది.

ముందు మిగతావి చెప్తాను. నాన్న దగ్గు తగ్గింది. దవాఖానలో ఇచ్చిన మందు సగం తాగి, సగం కిటికీలో పెట్టి మరిచిపోయారు. ఈసారి అల్లానికి మంచి ధర పలికిందని బజారంతా సంబరంగా ఉంది. వార్డులో రాత్రి డ్యూటీ అంటే భయమేస్తోందని రాశావు. చిన్నప్పటి నుంచి నీకు బల్లి అంటే తప్ప దేనికీ భయం లేదు, కొత్తగా నేర్చుకోకు.

బడి వార్షికోత్సవం ఎట్లా జరిగిందని అడిగావు. బాగా జరిగింది. బడి పుట్టుక గురించి నన్నే మాట్లాడమన్నారు. మన ఊరు బీదరు జిల్లాలో ఉన్న రోజుల్లో, నిజాం కాలంలో, ఒక పాతింటి వరండాకు పరదా కట్టి ఈ బడి మొదలుపెట్టారని చెప్పాను. అప్పుడు ఆడపిల్లలు తెర కట్టిన ఎద్దుబండిలో వచ్చేవారట. మొదటి పెద్ద టీచరమ్మ ఇల్లిల్లూ తిరిగి, "మీ పిల్లను పంపున్రి, దాని నడతకు నేను జామీను" అని తల్లిదండ్రులను బతిమాలి తెచ్చుకుందట. ఆ మాట మీదే బడి నిలబడింది. అందుకే ఇప్పటికీ సంబంధం చూసేవాళ్లు పిల్ల ఇంటికన్నా ముందు బడికొచ్చి పెద్ద టీచరమ్మను అడుగుతారు. ఆమె మంచిదంటే ఆ పిల్ల మంచిదే. ఆ కుర్చీలో ఇప్పుడు నేను కూర్చున్నానని సభలో గొప్పగా చెప్పుకున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. బాలమణి మాత్రం ఆ సభకు రాలేదు.

ఇక నీ ప్రశ్న. "బాలమణి నా ఉత్తరాలకు జవాబెందుకు ఇవ్వడం లేదు, పరీక్షకు సరిగ్గా చదువుతోందా" అని అడిగావు. బాలమణికి పోయిన గురువారం పెళ్లయింది ప్రమీలా. కోహీర్ చంద్రప్ప కొడుక్కి ఇచ్చారు. పదో తరగతి పరీక్షలు వచ్చే నెలలోనే.

ఈ సంగతి ఎవరో ఒకరు నీకు చెప్తారు. కాని అసలు సంగతి నేను తప్ప ఎవరూ చెప్పలేరు.

పోయిన నెలలో ఒకరోజు బడి వదిలాక ఆ పిల్ల నా గదిలోకి వచ్చింది. వాళ్ల నాన్న శరణప్ప సంబంధం చూస్తున్నాడని చెప్పింది. "వాళ్లు మిమ్మల్ని అడగనీకె వస్తరు టీచర్. నాకు పొగరున్నదని, పెద్దలకు ఎదురు చెప్తనని అనున్రి. గంతే చాలు, వాళ్లే పోతరు. నేను పరీక్ష రాసి ప్రమీలక్క లెక్క నర్సు ట్రైనింగుకు పోత" అంది.

"గీ ఉపాయం నీకెవలు చెప్పిన్రే?" అన్నాను.

"ప్రమీలక్కనే."

పోయినేడు బీదరు వాళ్లు నీ కోసం వచ్చినప్పుడు, నీకు నోటి దురుసని, పొయ్యి ముట్టించడం కూడా రాదని చెప్పి పంపేశాను కదా. మనం ఆ రోజు ఎంత నవ్వుకున్నాం. అదంతా నువ్వు దానికి చెప్పావన్నమాట. నేను నవ్వి, సరే అట్లాగే చెప్తానని మాటిచ్చాను.

నాలుగు రోజులకు చంద్రప్ప, భార్య అనంతమ్మ బడికి వచ్చారు. అనంతమ్మ టీ తాగుతూ, "జర నిజం చెప్పున్రి టీచరమ్మా. బడికి పోయిన ఆడిపిల్లలకు నోరెక్కువైతదంటరు. మీ బడి పిల్లలు గట్లనేనా?" అంది.

నాకు ఒళ్లు మండింది. "మా బడి పిల్లలు గట్ల కాదమ్మా. బాలమణిని అడుగున్రి ఎవలనైనా. పెద్దల మాటకు ఎదురు చెప్పే పిల్ల కాదు, నాది జామీను" అన్నాను. నోరు జారిందని రాయను. అంటున్నప్పుడే నాకు తెలుసు ఏం చేస్తున్నానో. అనంతమ్మ ముఖం వెలిగిపోయింది. వాళ్లు గేటు దాటేలోగా వెనక్కి పిలిచి మాట మార్చొచ్చు. పిలవలేదు.

నా కూతురి చదువు కోసం నా కూతురి పేరు చెడగొట్టడానికి నాకు ఏదీ అడ్డు రాలేదు. ఊళ్లో పిల్ల దగ్గరికి వచ్చేసరికి బడి పేరు గుర్తొచ్చింది. ఎన్నిసార్లు ఆలోచించినా ఇంతకన్నా మంచి సాకు దొరకడం లేదు. చాలా సిగ్గుగా ఉంది.

నిన్న ఆదివారం కోహీర్ పోయాను. పరీక్ష ఒక్కటి రాయనివ్వమని అనంతమ్మను బతిమాలాను.

"దానికే అక్కర లేదు టీచరమ్మా. అడిగితె మీ ఇష్టమన్నది" అంది ఆమె.

"ఆ దినం నేను మీకు నిజం చెప్పలె. గీ పిల్ల మహా మొండిది. రాయనియ్యకపోతె మీ ఇంట్ల రోజూ కొట్లాటే" అన్నాను.

చంద్రప్ప పగలబడి నవ్వాడు. "గీ పిల్లనా?" అన్నాడు. తలుపు పక్కన తల వంచుకుని నిలబడ్డ బాలమణిని చూసి ఇంట్లో అందరూ నవ్వారు. టీచరమ్మ సరదా మనిషని నాకు ఇంకో కప్పు టీ పోయించారు.

సాగనంపడానికి బాలమణి వాకిలి దాకా వచ్చింది. "నువ్వే గట్టిగ అడుగు తల్లీ, పరీక్ష రాస్తనని" అన్నాను మెల్లగా.

"ఎట్ల అడుగుత టీచర్?" అంది. "ఎదురు చెప్పనని మీరు మాటిచ్చిన్రట గద. ఇప్పుడు నేను ఎదురు చెప్తె, ఇగ మీ మాట ఎవలు నమ్ముతరు?"

ఆ మాట కోపంతో అనలేదు ప్రమీలా. నా పరువు పోతుందని నిజంగానే భయపడింది. బస్సులో జహీరాబాద్ దాకా ఏడుస్తూనే వచ్చాను.

వచ్చే ఆదివారం మళ్లీ పోతాను. వాళ్లు గడప తొక్కొద్దనే దాకా పోతాను. నువ్వు దానికి ఉత్తరం రాయి, మానొద్దు. అందులో నా తరఫున మాత్రం ఒక్క ముక్క రాయకు. నా మీద కోపమొచ్చి నాకు జవాబు రాయబుద్ధి కాకపోతే, కొన్నాళ్లు రాయకు. నాన్నకు రాస్తే చాలు, నీ క్షేమం తెలుస్తుంది.

ఇట్లు,
నీ అమ్మ
సుగుణమ్మ