అర గంటె పానకం

మార్చి 10, సోమవారం

అప్లికేషన్లు వచ్చాయి. వీరరాఘవులుగారి కొట్టు మనిషి కట్ట తెచ్చి వరండాలో పెట్టి, సంతకం తీసుకుని వెళ్ళాడు.

మా సంఘం విద్యానిధి ఏటా ముగ్గురు పీహెచ్‌డీ పిల్లలకు ఫెలోషిప్ ఇస్తుంది. నిధికి పెద్ద వీరరాఘవులుగారు. చదివి మార్కులు వేసేది ముగ్గురం. గోవిందన్ సార్, డాక్టర్ పరిమళ, ఈ ఏడు కొత్తగా నేను. కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను కాబట్టి నన్ను వేశారు. అప్లికేషన్ల మీద పేర్లు ఉండవు, నంబర్లే. అయినా ఇది ఫలానా వాళ్ళదని గుర్తుపడితే మార్కులు వేయకూడదు. తిరిగి ఇచ్చేయాలి. రూల్ అది.

నిరుడు ఈ పని చేసింది హేమమాలిని. తన చెల్లెలి కొడుకుదని తెలిసీ తొంభై ఆరు వేసింది. ముఖాన ఎవరూ ఏమీ అనలేదు. భజన మందిరంలో ఆమె అడుగుపెడితే మాత్రం, ఈ ఏడు మనవాళ్ళ విస్తట్లో నెయ్యి బాగా పడిందమ్మా అని పక్కకు తిరిగి నవ్వేవాళ్ళు. శనివారం భజనకు రావడం మానేసింది. ఆమె కూర్చునే చోట ఇప్పుడు ఎవరూ కూర్చోరు.

కట్ట రాముడి పటం ముందు పెట్టాను. విప్పడానికి భయంగా ఉంది.

మార్చి 12, బుధవారం, ఉదయం

ఒక పద్ధతి పెట్టుకున్నాను. ముందు అందరి రీసెర్చ్ ప్రశ్న మాత్రమే చదవాలి. తర్వాత అందరి మెథడ్. ఒకరి ఇంగ్లిష్ మెరుస్తుంటే ఆ మెరుపు మిగతా కాలమ్‌ల మీద పడకూడదు. మార్కులు పెన్సిల్‌తో వేయాలి. భోజనం చేసి చదవకూడదు, కునుకు వస్తే చేయి దయ తలుస్తుంది. మొదట చదివినవి చివర మరోసారి చదవాలి. మొదట్లో చేయి గట్టిగా ఉంటుంది, పోనుపోను సడలుతుంది.

తొమ్మిదో నంబరుకు ఇంగ్లిష్ రాదు. ప్రశ్న మాత్రం బంగారం. నాలుగో నంబరు వాక్యాలు పట్టుచీర మాదిరి ఉన్నాయి, విప్పి చూస్తే లోపల ఏమీ లేదు. ఇద్దరికీ మార్కులు వేసి, చెరిపి, మళ్ళీ వేశాను. అవే వచ్చాయి. అప్పుడు కొంచెం ధైర్యం వచ్చింది.

మార్చి 14, శుక్రవారం

పదిహేడు.

ఉత్తర మద్రాసు నేలనీళ్ళలో ఇనుము. మొదటి పేరాలోనే ఒక అవ్వ. ఆ అవ్వ వీధిలోని అడిపంపు, అదే చేతిపంపు, మూతికి తెల్ల పంచె ముక్క కట్టేదట. సాయంత్రం విప్పి గుడ్డ రంగు చూసి, ఈ రోజు టీ, ఈ రోజు కాఫీ అని నీళ్ళకు పేరు పెట్టేదట. కాఫీ అయితే ఆ నీళ్ళు పిల్లలకు తాగడానికి ఇచ్చేది కాదట.

మా అమ్మ. మా పంపు. నాన్న పంచె ముక్క. టీ, కాఫీ మా అమ్మ మాటలే.

ఇది రాసింది ప్రణతి. నా తమ్ముడు గురుప్రసాద్ కూతురు. కింద పోర్షన్‌లో వాళ్ళుంటారు, పైన నేను. ఎమ్మెస్సీ పోయినేడే ముగించింది. చేస్తే నీళ్ళ మీదే చేస్తానత్తా అని ఒకసారి అంది కూడా. అప్లై చేశానని మాత్రం చెప్పలేదు.

కాగితం బోర్లించాను. అప్పటికే మొత్తం చదివేశాను.

మార్చి 15, శనివారం

తిరిగి ఇచ్చేయాలి. తెలుసు.

ఇస్తే వీరరాఘవులుగారు ఎవరిదమ్మా అని అడగకుండానే గ్రహిస్తారు. మా ఇంట్లో ఆ వయసు పిల్ల ఒక్కతే. గురు మిరపకాయల హోల్‌సేల్‌లో నిలదొక్కుకున్నప్పటి నుంచీ నిధికి చందా ఇస్తున్నాడు. మా ఇంట్లో వాళ్ళెవరూ దీనికి అప్లికేషన్ వేయరని పోయినేడు మీటింగులో అందరి ముందూ చెప్పాడు. ప్రణతి వాడికి తెలియకుండా వేసి ఉంటుంది. నేను ఒక్క నంబరు చీటీ మీద రాసి పంపితే అది బయటపడుతుంది. ఇక నెయ్యి మాటలు మా ఇంటి మీదికి మళ్ళుతాయి.

గురు కాఫీకి పైకి వచ్చాడు. ఏమక్కా, కాయితాలు ముందేసుకుని యముడి గుమస్తా మాదిరి కూసున్నావు, ఎవురి రాత ఎట్టుందో ఈడే తేలిపోతదా అన్నాడు. నేను నవ్వలేదు. మన పిల్లలెవరైనా వేస్తే అని మొదలుపెట్టాను. మనోళ్ళెందుకేస్తారు, పెట్టే చెయ్యి గదా మనది అన్నాడు. కాఫీలో చక్కెర చాల్లేదన్నాడు. వేశాను. ఇప్పుడెక్కువైంది అన్నాడు.

ప్రణతిని అడగవచ్చు. బయటివాళ్ళతో అప్లికేషన్ల మాట ఎత్తకూడదని రూల్ ఉంది, అందుకే అడగలేదని రాసుకోబోయాను. అది నిజం కాదు. అడిగితే అవును అంటుంది. అప్పుడు తెలియనట్టు ఉండలేను.

మార్చి 17, సోమవారం

శ్రీరామనవమి పానకం పంచే గంటె మా ఇంట్లో పెద్దకూతురిది. అమ్మ తర్వాత నాకు వచ్చింది. గంటె చేతికిస్తూ అమ్మ చెప్పింది ఒకటే మాట. పంచే చేయి మనదైనప్పుడు మనవాళ్ళకు అర గంటె. ఎవరి నోటా మాట రాకూడదు. గురు చిన్నప్పుడు ఎండలో వరుసలో నిలబడి గ్లాసు రెండు చేతులా ఎత్తి పట్టుకునేవాడు. సగమే పోసేదాన్ని. వాడు గ్లాసులోకి చూసి, నా వైపు చూసి, జరిగిపోయేవాడు. గంటె అంటే వరదలక్ష్మి ఇంటి గంటె అనేవాళ్ళు పెద్దవాళ్ళు. వరదలక్ష్మి మా అమ్మ. ఆ మాట విని అమ్మ ఇంటిదాకా ఏమీ మాట్లాడకుండా నడిచేది. సంతోషమైతే ఆమె మాట్లాడదు.

పదిహేడుకు ఎనభై ఎనిమిది రావాలి. డెబ్బై ఒకటి వేశాను.

ఒక్కచోట కోయలేదు. ప్రతి కాలమ్‌లో కొంచెం. ముగ్గురిలో ఏ ఇద్దరి మార్కుల మధ్యనైనా ఇరవై తేడా వస్తే అందరం కూర్చుని మళ్ళీ చదవాలి. అంత తేడా రాకుండా చూసుకున్నాను. అర గంటె ఎప్పుడూ అంతే, పోసినవాళ్ళకూ తాగినవాళ్ళకూ తప్ప కనబడదు.

దీపం పెట్టాను. పటం వైపు చూడలేదు.

మార్చి 20, గురువారం

షీట్లు ఇచ్చేశాను. నా ముందే సీలు వేశారు. తేలిక అవుతుందనుకున్నాను.

మార్చి 22, శనివారం, సాయంత్రం

ప్రణతి మైసూర్‌పాక్ తెచ్చింది. అంబత్తూరులో నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చిందట. సోమవారం చేరాలట. మరి పీహెచ్‌డీ అన్నాను. అదెల్లాం అప్పుఱం పాక్కలాం అత్తా అంది. తర్వాత చూద్దామట.

షీట్లు వెళ్ళిపోయాయి కదా అని అడిగేశాను. మన నిధికి వేశావు కదా అన్నాను.

నవ్వింది. నేనా, మీరు కమిటీలో ఉంటే నేనెట్లా వేస్తా అత్తా, నాకు అర గంటెనే కదా అంది. నాన్న చిన్నప్పటి నుంచి ఆ పానకం కథ సొల్లి సొల్లి చెవులు చిల్లు పడ్డాయి, వేసి వేస్ట్ అని వేయలే అంది. వేళాకోళంగానే అంది. మైసూర్‌పాక్ నా నోట్లో పెట్టింది.

సగం కొరికి మిగతాది చేతిలోకి తీసుకున్నాను. పంపుకు గుడ్డ కట్టి టీ, కాఫీ అనేది మీ నాయనమ్మ కదా అన్నాను. నాయనమ్మ మాత్రమా, వీధంతా అంటారు, ఈ ఏరియాలో గుడ్డ కట్టని పంపు ఒకటి చూపించండి అత్తా అంది. ఎందుకు అడుగుతున్నారు అంది. ఊరికే అన్నాను.

మార్చి 23, ఆదివారం, ఉదయం

గుడికి రోజూ వెళ్ళే దారిలోనే వెళ్ళాను. ఈసారి తల ఎత్తి.

మూడో ఇంటి ముందు పంపుకు చీర అంచు. మలుపులో దానికి బనియన్ ముక్క. టైలర్ కొట్టు పక్కన దానికి తెల్ల గుడ్డ, ఇటుక రంగు తిరిగింది. ఒకావిడ బిందె పెట్టి, కాఫీడీ ఇన్నైక్కి అని లోపలికి కేక వేసింది. ఈ రోజు కాఫీ అట.

వాషర్‌మెన్‌పేట్‌లోనే పుట్టాను. ఇన్నేళ్ళూ ఈ వీధిలోనే నడిచాను. తల దించుకుని నామం చెప్పుకుంటూ.

ఎవరో పిల్ల. ముఖం తెలియని పిల్ల. ఆ పిల్ల గ్లాసులో సగం పోసి పంపేశాను.

గుడిలో అర్చన చీటీ తీసుకున్నాను. ఎవరి పేరు మీదమ్మా అని అడిగారు. చెప్పడానికి పేరు లేదు.

మార్చి 24, సోమవారం

చూలైలో వీరరాఘవులుగారి కొట్టుకు వెళ్ళాను. కాగితం రీముల మధ్య స్టూలు వేయించారు. చెప్పాను. మా ప్రణతిదనుకుని ఒక నంబరుకు మార్కులు మార్చానన్నాను, అది ప్రణతిది కాదని కూడా.

ఎక్కువేసినావా తక్కువేసినావా తల్లీ అన్నారు. తక్కువ అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి నవ్వారు. నెయ్యి ఎక్కువ పోసి దొరికిపోయినోళ్ళను చూసినా గాని, పొయ్యలేదని ఏడస్తా వచ్చిన దాన్ని నిన్నే చూస్తా ఉండా అన్నారు. తక్కువేస్తే అది తప్పెట్టా అయితది, వరదలక్ష్మి బిడ్డవనిపించుకున్నావు పో అన్నారు. ఇప్పుడు సీలు తీస్తే గురు కూతురు వేసిందంట అనే మాటే ఊళ్ళో మిగుల్తది, నోరు మూసుకుని పో అమ్మా అన్నారు. నాకు గోలీసోడా తెప్పించారు.

దయగానే అన్నారు. అందుకే ఎక్కువ భయం వేసింది. ఇది తప్పు అనేవాళ్ళు మాలో ఎవరూ లేరు.

మార్చి 25, మంగళవారం

జపం మధ్యలో అంకె వస్తోంది. డెబ్బై ఒకటి.

మార్చి 27, గురువారం

కమిటీ కూర్చుంది. సీలు తీసి ముగ్గురి మార్కులూ కూడారు. గోవిందన్ సార్ పదిహేడుకు తొంభై వేశారు. పరిమళ ఎనభై ఏడు. మొత్తంలో పదిహేడు నాలుగో చోట ఆగింది. ఫెలోషిప్‌లు మూడు.

వీరరాఘవులుగారు ఒక్కసారి నా వైపు చూసి, సరి, మూడు తేలినాయి, కాఫీ తెమ్మను అన్నారు.

లేచి నిలబడ్డాను. బల్ల అంచు పట్టుకున్నాను. హేమమాలిని కూర్చునే చోటు కళ్ళ ముందుకు వచ్చింది. నా తమ్ముడి కూతురిదని అనుకున్నాను, తిరిగి ఇవ్వలేదు, కావాలనే తగ్గించాను, అది ఆ అమ్మాయిది కాదు. ఈ నాలుగు ముక్కలూ చెప్పాను. వీరరాఘవులుగారు తల పట్టుకున్నారు.

గోవిందన్ సార్ కోప్పడలేదు. నంబరు ఒక చీటీ మీద రాసి పంపుంటే సరిపోయేది మేడమ్ అన్నారు. అవును, సరిపోయేది. ఈ ఒక్కదానికేనా అని అడిగారు. నాకు తెలిసినంతలో అదొక్కటే అన్నాను. తెలిసినంతలో, అన్నారాయన. భయపడిన చెయ్యి మిగతావాటిలో ఏం చేసిందో మీకే తెలియదు కదా మేడమ్ అన్నారు.

నా షీట్లు ఆయన వైపు జరిపాను.

నా మార్కులు మొత్తం పక్కన పెట్టారు. బయటి ఊరి ప్రొఫెసర్ ఒకాయన అన్నీ మొదటి నుంచి చదువుతారు. నా షీట్లు నాకే ఇచ్చేశారు. పెన్సిల్ గీతలు అరచేతికి అంటాయి.

మార్చి 28, శుక్రవారం

గురు మెట్లెక్కి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

కొత్వాల్‌చావిడి బజారు దాకా అంటా ఉండారక్కా, గురు కూతురు దొంగచాటుగా వేసిందంట అని. వెయ్యని దానికి పేరొచ్చింది అన్నాడు. గొంతు పెంచలేదు. నాకు అర గంటె పోసినావు, సరి, తాగినా, పెద్దక్కవు గదా అన్నాడు. నా బిడ్డ గ్లాసు పట్టక ముందే వొంపేసినావు గదక్కా, అన్నాడు.

దిగి వెళ్ళిపోయాడు. అక్కా అన్నాడు. అది మానలేదు. ఆ ఒక్క మాట పట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నాను.

మార్చి 30, ఉగాది

పచ్చడి గిన్నె పట్టుకుని మెట్ల మీద నిలబడ్డాను. దిగలేకపోయాను. ప్రణతి పైకి వచ్చి గిన్నె తీసుకుంది. ఇక కమిటీలో ఉండనని రాసి ఇచ్చానని చెప్పాను. వచ్చే ఏడు నువ్వు వెయ్యి అన్నాను. పాక్కలాం అత్తా అంది. వేలితో నాకి, ఈసారి చేదు ఎక్కువైంది అంది.

ఏప్రిల్ 6, శ్రీరామనవమి

మూడు పేర్లు చదివారు. రెండోది ధన్య, కొరుక్కుపేట. నీళ్ళలో ఇనుము.

గంటె నాకే ఇచ్చారు. వద్దనబోయాను, ఎదుట వరుస పెరిగిపోతోంది. ఆ పిల్ల వచ్చింది. నన్ను ఎరగదు. వెనక ప్రణతి. ప్రణతి వెనక గురు, గ్లాసు రెండు చేతులా ఎత్తి పట్టుకుని. ముగ్గురికీ నిండా పోశాను. చూసేవాళ్ళు చూశారు.

గంటె కడిగి బోర్లించాను. అర గంటె కొలత చేతిలో ఇంకా ఉంది.